మాజీ ఎమ్మెల్యే జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇది: తాతగారు ముందు పంచాయతీ సమితి ప్రెసిడెంటుగా, తర్వాత రెండుసార్లు ఎమ్మెల్యేగా, చివర్లో ఒక ప్రభుత్వ కార్పొరేషన్ చైర్మన్‌గా చేశారు. శతజయంతికి ఆయన మీద చిన్న పుస్తకం తేవాలని ఇంట్లో అనుకున్నారు. చేతిలో ఉన్నవి గెలిచిన సంవత్సరాలు, నాలుగు ఫొటోలు, ఒక అభినందన సంచిక. ఆ సంచిక నిండా 'పేదల పెన్నిధి', 'అజాతశత్రువు' లాంటి మాటలే తప్ప విషయం లేదు. ఆయన నిజంగా ఏం చేశారో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు.

నేను జిల్లా విలేకరిగా మొదలుపెట్టి, తర్వాత చాలాకాలం శాసనసభ ప్రెస్ గ్యాలరీలో కూర్చుని వార్తలు రాసినవాణ్ణి. రిటైరయ్యాక ఇలాంటి జీవిత చరిత్రలకు సమాచారం వెతికిపెట్టే పనిలో ఉన్నాను. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం. ఎమ్మెల్యే చేతిలో సంతకం పెట్టి పని మంజూరు చేసే అధికారం లేదు. రోడ్డు మంజూరు చేసేది ప్రభుత్వం, డబ్బు విడుదల చేసేది ఆర్థిక శాఖ, పని చేయించేది ఇంజనీర్లు. ఎమ్మెల్యే చేయగలిగింది అడగడం, పట్టుబట్టడం, సభలో మంత్రిని నిలదీయడం, బడ్జెట్ మీద ఓటు వేయడం, కమిటీలో కూర్చుని లెక్కలు తవ్వడం. అందుకే 'ఊరికి హైస్కూలు తెచ్చారు, వంతెన కట్టించారు' అని ఒక్క ముక్కలో రాసేస్తే అది పొగడ్త అవుతుంది కానీ చరిత్ర కాదు. అడిగారా, మంజూరయ్యేదాకా వెంటపడ్డారా, మంజూరు తన హయాంలోనే జరిగిందా, పని పూర్తయ్యేనాటికి పదవిలో ఉన్నారా? ఈ నాలుగింటినీ విడివిడిగా తేల్చుకోండి. మీ పుస్తకం విలువంతా ఈ తేడా దగ్గరే ఉంటుంది.

నాగార్జునసాగర్ సంగతే తీసుకోండి. నందికొండ దగ్గర ఆనకట్ట కావాలని పట్టుబట్టినవాళ్ళలో ముక్త్యాల జమీందారు (ముక్త్యాల రాజా) ఉన్నారు, వావిలాల గోపాలకృష్ణయ్య గారి లాంటి ప్రజా నాయకులు ఉన్నారు. సాధ్యాసాధ్యాలు చూడడానికి 1952లో కేంద్రం ఖోస్లా కమిటీని వేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో, ఇందిరాగాంధీ. ఇందులో ప్రాజెక్టు 'తెచ్చింది' ఎవరు? ఎవరి వాటా ఎంతో తేదీలతో సహా చెబితే ఎవరికీ అన్యాయం జరగదు. మీ తాతగారి చెరువు తూముకైనా, ఆస్పత్రికైనా ఇదే పద్ధతి.

ఇక రికార్డులు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, కాబట్టి వావిలాల గారినే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. ఆయన 1906లో సత్తెనపల్లిలో పుట్టారు, 2003లో పోయారు. సత్తెనపల్లి నుంచి 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో గెలిచి 1972 దాకా శాసనసభలో ఉన్నారు. ఇరవై ఏళ్ళకు నాలుగే ఎన్నికలు, పైగా మొదటి రెండిటికీ మధ్య మూడేళ్ళే. లెక్క తేడాగా ఉందని తేదీలు 'దిద్దేసిన' పుస్తకాలు నేను చూశాను. తేడా ఏమీ లేదు. 1952లో గెలిచింది మద్రాసు శాసనసభకు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆంధ్ర జిల్లాల సభ్యులంతా అప్పటి రాజధాని కర్నూలులోని సభకు వచ్చారు. మద్యనిషేధం విషయంలో 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, అందుకే 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1957లో తెలంగాణ జిల్లాల్లో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్ళు 1962 దాకా, అంటే ఏడేళ్ళు కొనసాగారు.

దీనివల్ల వెతికేవాళ్ళకు వచ్చే చిక్కు ఏమిటంటే, ఒకే మనిషి మాట్లాడిన మాటలు మూడు సభల చర్చల సంపుటాల్లో ఉంటాయి: మొదట మద్రాసువి, తర్వాత కర్నూలు కాలంనాటి ఆంధ్ర శాసనసభవి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌వి. హైదరాబాద్ సంపుటాలు మాత్రమే తిరగేసి 'మొదటి నాలుగేళ్ళు ఆయన సభలో పెద్దగా మాట్లాడలేదు' అని రాస్తే ఎంత తప్పు! మీవాళ్ళు తెలంగాణ అయితే 1952 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ చర్చలు చూడాలి. ఆ సభలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కలిసి కూర్చున్నారు, ఉర్దూ ప్రసంగాలు చాలా ఉంటాయి. ఉర్దూ చదివేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

తేదీల్లో ఇలాంటివే ఇంకో మూడు. మొదటి ఎన్నికల రోజుల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు ఉండేవారు. 1961లో చట్టం చేసి దాన్ని తీసేశారు. కాబట్టి ఒకే ఏడాది, ఒకే చోట ఇద్దరి పేర్లు కనబడితే కంగారుపడకండి. 1972లో ఎన్నికైన సభ 1978 దాకా సాగింది. ఎమర్జెన్సీలో 42వ సవరణ సభల కాలాన్ని ఆరేళ్ళకు పెంచింది మరి. నియోజకవర్గాల పేర్లు కూడా మారాయి. 2009 నుంచి దొమ్మాట లేదు, దుబ్బాక ఉంది. దుగ్గిరాల అసలు లేదు. శాసనమండలి సంగతి వేరు: 1958లో వచ్చింది, 1985లో రద్దయింది, 2007లో మళ్ళీ వచ్చింది. తాతగారు ఎప్పుడైనా ఎమ్మెల్సీగా ఉంటే ఆ చర్చల సంపుటాలు వేరుగా వెతకాలి.

సంపుటాలు చేతికి వచ్చాక ఏం చూడాలో చెబుతాను. పెద్ద ప్రసంగాల జోలికి ముందే వెళ్ళకండి. గవర్నర్ ప్రసంగం మీద, బడ్జెట్ మీద మాట్లాడినవి చాలావరకు పార్టీ మాటలే ఉంటాయి. ముందు ప్రశ్నోత్తరాలు చూడండి. నక్షత్రపు గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబిస్తారు. ప్రశ్న ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది: (అ) ఫలానా వాగు మీద వంతెన లేక వర్షాకాలంలో రాకపోకలు నిలిచిపోతున్న విషయం వాస్తవమేనా, (ఆ) అయినచో ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి. జవాబు కూడా మూసలోనే: (అ) లేదండి, (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. చదవడానికి విసుగే. కానీ ఆ కింద రెండు మూడు పేజీల్లో అనుబంధ ప్రశ్నలు ఉంటాయి చూడండి, మనిషి అక్కడ కనబడతాడు. మంత్రి 'లేదండి' అనగానే కూర్చున్నవాళ్ళున్నారు. 'ఫలానా నెలలో మీ సూపరింటెండింగ్ ఇంజనీరే రాసిన నివేదిక నా దగ్గర ఉంది, చదవమంటారా?' అని లేచినవాళ్ళూ ఉన్నారు. మీ తాతగారు ఎటువైపో తెలుసుకోవడానికి ఒక సమావేశాల సంపుటం చాలు.

మంత్రి 'పరిశీలిస్తాం', 'చర్యలు తీసుకుంటాం' అన్నారనుకోండి, కథ అక్కడితో అయిపోదు. సభలో మంత్రి చెప్పిన మాట నెరవేరిందో లేదో చూడడానికి హామీల కమిటీ అని ఒకటుంది. ఆ కమిటీ నివేదికలను ఎవరూ ముట్టుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే అవే ఇష్టం. అడిగిన ప్రశ్న హామీ అయిందా, హామీ జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) అయిందా, లేక 'ఇక చేపట్టలేం' అని వదిలేశారా అన్నది వాటివల్ల తెలుస్తుంది.

నేను వెతికిన ఒక వంతెన సంగతి చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. వాగుకు రెండువైపులా రెండు ఊళ్ళు, రెండు ఊళ్ళలో రెండు కుటుంబాలు 'మావాళ్ళే కట్టించారు' అనేవి. వంతెన దగ్గర రెండు శిలాఫలకాలున్నాయి. ఒకదాని మీద శంకుస్థాపన తేదీ, రెండోదాని మీద ప్రారంభోత్సవం తేదీ. మధ్యలో ఒక ఎన్నిక జరిగింది, ఎమ్మెల్యే మారిపోయారు. ఎవరి ఫలకం వాళ్ళు చూపించుకుంటున్నారన్నమాట. చర్చల సంపుటాల్లో వెతికితే, ఈ ఇద్దరికంటే ముందున్న ప్రతిపక్ష సభ్యుడు ఆ వాగు మీద ప్రశ్న వేసి, నిధుల లభ్యతను బట్టి పరిశీలిస్తామని మంత్రి చేత అనిపించారు. ఆ మాటను పట్టుకునే పరిపాలనా ఆమోదం జీవో వచ్చింది. జీవోలో పైన 'చదవండి' అని ముందటి ఉత్తరాల జాబితా ఇస్తారు కదా, అందులో మొదటిది ఆయన రాసిన వినతిపత్రమే. ఆయన పేరు ఏ రాతి మీదా లేదు. అంతమాత్రాన మిగతా ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఒకరు టెండరు దాకా తెచ్చారు, ఇంకొకరు ఆగిపోయిన బిల్లులు ఇప్పించి పని పూర్తి చేయించారు. ముగ్గురి పనీ ముగ్గురికి రాశాం, రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. అందుకే చెబుతున్నా, ఊళ్ళో ఉన్న ప్రతి శిలాఫలకాన్నీ ఫొటో తీసుకోండి. తేదీ, శాఖ, అంచనా విలువ, అధ్యక్షత ఎవరిది, ముఖ్య అతిథి ఎవరు అన్నవి నోట్ చేసుకోండి. రాయి మీద పేరు ఉంటే ఆరోజు అక్కడికి పిలిచారని మాత్రమే అర్థం.

చర్చల్లో ఇంకో మంచి చోటు, శాఖల పద్దుల (అంటే శాఖలవారీగా సభను అడిగే ఖర్చుల) మీద ఇచ్చిన కోత తీర్మానాలు. కోత అంటే నిజంగా డబ్బు తగ్గించమని కాదు, చాలాసార్లు పేరుకు వంద రూపాయలు తగ్గించమని ఇస్తారు. ఫలానా సమస్యను సభ దృష్టికి తేవడానికి అదొక దారి. ఏ పద్దు మీద ఏటా కోత ఇచ్చారో చూస్తే ఆ సభ్యుడికి నిజంగా పట్టిన విషయం తెలిసిపోతుంది. సాగునీరా, హరిజన సంక్షేమమా, చేనేతా అన్నది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఓటింగ్ సంగతి కూడా మరచిపోకండి. డివిజన్, అంటే సభ్యుల ఓట్లు లెక్కించే ఓటింగ్, జరిగితే అనుకూలంగా ఎవరు, వ్యతిరేకంగా ఎవరు అని పేర్లతో సహా అచ్చవుతుంది. పార్టీ ఒక మాట, నియోజకవర్గం ఒక మాట అన్నరోజు తాతగారు ఎటు ఓటు వేశారన్నది దాచకుండా రాయండి. పార్టీ మారి ఉంటే అదీ అంతే. 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిషేధం వచ్చింది, అంతకుముందు మారడం మీద చట్టపరంగా అడ్డు లేదు. ఆ తర్వాత కూడా మూడోవంతు మంది చీలితే చెల్లేది, 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఏ కాలంలో మారారో ఆ కాలపు నియమంతోనే చూడాలి. మారలేదని బుకాయిస్తే చదివేవాళ్ళు మిగతా పుస్తకాన్ని కూడా నమ్మరు.

కమిటీల్లో పని చేశారేమో చూడండి. ప్రజాపద్దుల కమిటీ, అంచనాల కమిటీ, ప్రభుత్వరంగ సంస్థల కమిటీ... వీటి సమావేశాలకు కెమెరాలు రావు, చప్పట్లు ఉండవు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక ముందు పెట్టుకుని కార్యదర్శి స్థాయి అధికారిని పేరా పేరాకీ జవాబు అడుగుతారు. సభలో గట్టిగా అరిచేవాళ్ళు కమిటీకి రాకపోవడం, సభలో నోరు మెదపని ఒకరు కమిటీలో ఫైళ్ళు చదువుకుని వచ్చి అధికారులకు చెమటలు పట్టించడం నేను దగ్గరగా విన్న సంగతులే. అభినందన సంచికలో 'మితభాషి' అన్న మాట కనబడితే కమిటీ నివేదికలు తప్పకుండా తిరగేయండి.

సమితి ప్రెసిడెంటుగా చేసిన కాలానికి వస్తే పద్ధతి తిరగబడుతుంది. మన దగ్గర పంచాయతీ సమితులు 1959లో మొదలయ్యాయి, ఎన్టీఆర్ కాలంలో మండలాలు వచ్చేదాకా ఉన్నాయి. సమితి ప్రెసిడెంటుకు ఎమ్మెల్యేకు లేని కార్యనిర్వాహక అధికారం ఉండేది. బళ్ళు, బావులు, చిన్న రోడ్లు నిజంగా ఆయన తీర్మానంతోనే నడిచేవి. అక్కడ 'చేశారు' అని ధైర్యంగా రాయొచ్చు, తీర్మానాల పుస్తకం దొరికితే. కార్పొరేషన్ చైర్మన్‌గిరీ కూడా అంతే. సంస్థ వార్షిక నివేదికలు శాసనసభ ముందు పెడతారు, ఆయన కాలానివి తీసి ముందువాటితో, వెనకవాటితో పోల్చండి. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారిలాగా ముందు ఐఏఎస్‌లో చేసి, 1996లో రాజీనామా చేసి, 2009లో కూకట్‌పల్లి నుంచి ఎమ్మెల్యే అయినవాళ్ళ విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టం. అధికారిగా చేసినదానికి ఉత్తర్వు ఉంటుంది, శాసనసభ్యుడిగా చేసినదానికి చర్చ మాత్రమే ఉంటుంది. రెండిటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

పాత ఫైళ్ళ కోసం కలెక్టరేటుకు, సమాచార హక్కు దరఖాస్తులకు వెళ్ళే ముందు ఒకటి తెలుసుకోండి. మన ఆఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడు ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచుతారు, డి.డిస్. అని వేస్తే పదేళ్ళకు తీసేస్తారు. ఇంకా ముందే తీసేసేవి కూడా ఉన్నాయి. కాబట్టి మీ తాతగారి ఉత్తరాలు ఆఫీసులో ఉండే అవకాశం తక్కువ, మీ ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. లెటర్‌ప్యాడ్ నకళ్ళు, టూర్ డైరీలు, మంత్రుల దగ్గర నుంచి వచ్చిన జవాబులు, ఆఖరికి చెదలు పట్టిన సభా ఎజెండా కాగితాలు కూడా పారేయొద్దు. మంత్రి జవాబు మీద ఉండే నంబరు, తేదీ పట్టుకుంటే జీవో దాకా వెళ్ళొచ్చు.

పత్రికల విషయంలో, ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత తెలుగు పత్రికలు చాలా డిజిటైజ్ చేశారు. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాల్లో అసలు ప్రతులే దొరుకుతాయి. ఓట్ల లెక్కలు ఎన్నికల సంఘం నివేదికల్లో నియోజకవర్గాల వారీగా ఉంటాయి. ఆస్తుల అఫిడవిట్ల కోసం మాత్రం వెతకొద్దు. సుప్రీంకోర్టు 2002లో తీర్పు ఇచ్చాకే అవి వచ్చాయి.

మనుషుల్ని అడిగేటప్పుడు సంవత్సరం అడక్కండి, గుర్తుండదు. దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా, జై ఆంధ్ర గొడవలప్పుడు ఎక్కడున్నారు, రామారావు మొదటిసారి గెలిచినప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగితే టక్కున చెబుతారు. 1977 నవంబరు, 1972-73, 1983 జనవరి అని మీరు వేసుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు, అనుచరులు ఎలాగూ చెబుతారు. ఆయన మీద ఓడిపోయిన అభ్యర్థి కుటుంబాన్ని, ఆయన ఆఫీసులో టైపు చేసినవాళ్ళను, పని కాక వెనక్కి వెళ్ళినవాళ్ళను కూడా అడగండి. ఏ సిఫారసు ఉత్తరం రాయనన్నారు, ఎవరికి కాదన్నారు అన్నది తెలిస్తే ఆ మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

ఇంకొక్క హెచ్చరిక. తాతగారు నిరాడంబరులైతే పుస్తకం మొత్తం ఆ నిరాడంబరతే ఆక్రమించేస్తుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారంటే అందరికీ ఆయన తొక్కిన సైకిలే గుర్తు. గన్నవరం నుంచి మూడుసార్లు శాసనసభకు వచ్చిన ఆ మనిషి నీటిపారుదల లెక్కలు ఎంత లోతుగా చదువుకుని మాట్లాడేవారో చెప్పేవాళ్ళు తక్కువ. ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి విషయంలోనూ అంతే. సైకిలు, బస్సు ప్రయాణం వార్త అయినంతగా, గిరిజన నియోజకవర్గం నుంచి వచ్చి ఆయన సభలో మాట్లాడింది వార్త కాలేదు. ఇలా జరగడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. సాదాగా బతకడం గొప్పే, కానీ ఓటర్లు ఆయన్ను పంపింది సభలో పనిచేయడానికి.

ఓడిపోయాక గడిపిన సంవత్సరాలను రెండు వాక్యాల్లో తేల్చేయొద్దు. వావిలాల గారు సభలో ఉన్నది ఇరవై ఏళ్ళు, మాజీగా బతికింది ముప్పై ఒక్కేళ్ళు. 1966లో అధికార భాషా చట్టం వచ్చినా ఆఫీసుల్లో ఇంగ్లీషే నడుస్తుంటే, 1974లో అధికార భాషా సంఘం పెట్టి ఆయన్ను మొదటి అధ్యక్షుణ్ణి చేశారు. పద్మభూషణ్ వచ్చింది 1992లో. అంటే ఎమ్మెల్యే పదవి పోయిన ఇరవై ఏళ్ళకు. మీ తాతగారు కూడా పదవి పోయాక పింఛను కాగితాలు రాసిపెట్టారో, నీటి సంఘంలో తిరిగారో, కోర్టు మెట్లెక్కారో, లేక ఎవరూ రాక ఒంటరిగా కూర్చున్నారో, ఉన్నది ఉన్నట్టు రాయండి.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు ఇంట్లోని కాగితాలు స్కాన్ చేయించండి, తర్వాత శిలాఫలకాలు, ఆ తర్వాతే గ్రంథాలయం. తాతగారు గెలిచిన సంవత్సరాలు, అప్పటి నియోజకవర్గం పేరు కింద రాస్తే ఏ సభ సంపుటాలు, ఏ కమిటీ నివేదికలు చూడాలో నేను చెప్పగలను.